మా పొలంలో ఓనుఫ్రి

మా పొలం ఒకప్పుడు సరస్సు నీళ్ళ కింద ఉండేది. మా మామగారు ల్యూబెర్ట్ ముప్పై ఏళ్ళు ఆ నీళ్ళ మీదే పడవ నడిపి, మలుగు చేపలు పట్టి, ఇల్లు నడిపాడు. యుద్ధం అయిపోయిన పదేళ్ళకి ప్రభుత్వం చుట్టూ కరకట్ట వేసి, పంపులు పెట్టి, నీళ్ళన్నీ తోడి అవతల పారబోసింది. పడవ అమ్ముకున్న ల్యూబెర్ట్ కొత్త నేల తేలడం చూడకుండానే పోయాడు. ఆయన కొడుకు హార్మెన్, అంటే నా మొగుడు, వల వదిలేసి నాగలి నేర్చుకున్నాడు.

ఆ నేల అందరికీ ఇవ్వలేదు. కౌలు రాసే ముందు ప్రభుత్వ ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి మా పాత ఇంట్లో అలమారాలు తెరిచి చూశారు. పరుపులు ఎత్తి చూశారు. శుభ్రంగా ఉండేవాళ్ళకే కొత్త నేలట. వాళ్ళు వెళ్ళాక మా అత్తగారు ఆర్త్యే, "ముప్పై ఏళ్ళు అక్కడ చేపలు పట్టాం, ఒక్క చేప కూడా నా వంటిల్లు చూపించమనలేదు" అంది. అయితేనేం, పొలం వచ్చింది. అరవై ఎనిమిదిలో మేం, అత్తగారు, నెలల పిల్ల, అందరం వచ్చి ఈ కొత్త ఊళ్ళో దిగాం. మా ఊరివాళ్ళందరూ ఎక్కడినుంచో ఒకచోటినుంచి వచ్చినవాళ్ళే. ఒకరి మాట ఒకరికి సరిగ్గా అర్థమయ్యేది కాదు. చెట్లు కూడా మా నడుము ఎత్తే ఉండేవి.

డెబ్భై ఒకటి సెప్టెంబరులో సంగతి బయటపడింది. పొలంలో నీరు తీసే గొట్టాలు కొత్తగా వేయించడానికి హార్మెన్ ఒక యంత్రం మాట్లాడాడు. యంత్రం నడిపే మనిషి పదకొండు గంటలకి కాఫీకి వచ్చి నన్నడిగాడు.

"మీ ఆయనకి ఆ చివర ఏమైనా మొక్కుందా ఏమిటి? గీత గీసినట్టు వెళ్ళాల్సిన కాలవని అక్కడికొచ్చేసరికి చుట్టు తిప్పమంటాడు. ఎందుకయ్యా అంటే నోరు విప్పడు."

నేను హార్మెన్‌ని అడిగాను. "నీళ్ళ సంగతి నీకేం తెలుసు, నీ పని చూసుకో" అని కసిరాడు. హార్మెన్ కసిరే మనిషి కాదు. అందుకే నాకు అనుమానం గట్టిపడింది.

కుర్చీలో బఠానీలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తింది. "ఏ చివర?"

"తూర్పు చివర అత్తయ్యా, ఆ రెండో కాలవ దాటాక."

ఆవిడ గిన్నె కింద పెట్టి, చెక్క చెప్పులు తొడుక్కుని, డెబ్భై ఏళ్ళ వయసులో ఆ బురదలో అంత దూరం నడిచి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. అక్కడ నిలబడి పాత ఒడ్డువైపు చూసింది. ఎల్బుర్గ్ చర్చి గోపురం కనిపిస్తోంది. మెడ తిప్పి ఇటుపక్క దూరంగా ఉన్న ఇంకో గోపురం చూసింది. నాలుగడుగులు వెనక్కి వేసింది. మళ్ళీ చూసింది. చేపలవాళ్ళు నీళ్ళ మీద చోటు గుర్తు పెట్టుకునేది అలాగే.

"ల్యూబెర్ట్ వల చిరిగే చోటు ఇది" అంది. "యుద్ధం మధ్యలో మొదలైంది. అంతకుముందు ఇక్కడ ఏమీ ఉండేది కాదు. ఎన్ని వలలు బాగుచేశానో ఈ చేతుల్తో!"

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ కొడుకుని సూటిగా అడిగింది. "ఏరా, ఆ చివర ఏముంది?"

హార్మెన్ చెంచా కింద పెట్టాడు. లేచి కొట్టంలోకి వెళ్ళి ఒక గోనెసంచి తెచ్చి నేల మీద గుమ్మరించాడు. ముడతలు పడ్డ అల్యూమినియం రేకులు, గొట్టం ముక్క ఒకటి. రేకుల మీద నల్లరంగు ఇంకా అక్కడక్కడా అంటుకుని ఉంది.

"మొదటి ఏడే తగిలింది. నాగలికి" అన్నాడు. "విమానం. ఇలాంటివి పొలాల్లో దొరికితే ప్రభుత్వానికి చెప్పాలని నాకు తెలుసు. కానీ బాంబులుంటే పొలమంతా మూసేస్తారమ్మా. ఏడాదో, రెండేళ్ళో. కౌలు అప్పుడే చేతికొచ్చింది. ఇంట్లో చంటిపిల్ల. ఒక పంట తీశాక చెబుదామనుకున్నా. తరువాత ఇంకో పంట. ఆ తరువాత ఇంకోటి."

నాకు కోపం వచ్చింది. మూడేళ్ళు నా పక్కన పడుకుని నాకు చెప్పలేదు. అయితే అత్తగారు కోప్పడలేదు. నిదానంగా అంది.

"నలభై మూడులో మీ నాన్న వలలో ఒక కుర్రాడొచ్చాడు, నీకు గుర్తుండదు. సైనికుల బట్టలు. పడవ ఒడ్డుకి రాగానే నేను వాడి మొహం కడిగాను, జుట్టు దువ్వాను. మర్నాడు జర్మన్లు వచ్చి పట్టుకెళ్ళి పాతిపెట్టారు. మీ నాన్న వారం రోజులు చేప ముట్టలేదు. 'వాడికో అమ్మ ఉంటుంది ఆర్త్యే, వాడి మొహం ఎవరు కడిగారో కూడా ఆవిడకి తెలీదు' అనేవాడు. ఆ విమానమే ఇదయితే ఇంకా ఎవరున్నారో ఇందులో! రేపొద్దున టెలిఫోన్ చెయ్యి. నువ్వు చెయ్యకపోతే నేను చేస్తా. నాకా పెట్టె వాడటం రాదు. అయినా చేస్తా."

హార్మెన్ రేపటిదాకా ఆగలేదు. భోజనం సగంలో వదిలి అప్పుడే చేశాడు.

వైమానిక దళం నుంచి ఒక కెప్టెన్, పదిమంది మనుషులు ఒక క్రేనుతో వచ్చారు. చుట్టూ ఇనప రేకులు దిగగొట్టి, నీళ్ళు తోడుతూ, మూడు వారాలు తవ్వారు. బాంబులు లేవు. జర్మనీలో వేసి తిరిగి ఇంగ్లండుకి వెళుతున్న విమానమట. కెప్టెన్ తన కాగితాల్లో నంబరు చూసి చెప్పాడు. ఏడుగురిలో ఆరుగురు దూకారు. ఐదుగురు నీళ్ళలో పోయారు, వాళ్ళ శవాలు అప్పుడే దొరికాయి, ఒకణ్ణి చేపల పడవ కాపాడితే జర్మన్లు ఖైదు చేశారు. తోక చివర గాజు గూట్లో తుపాకుల దగ్గర కూర్చునే మనిషి ఒక్కడే ఇన్నాళ్ళూ దొరకలేదు. ఇప్పుడు దొరికాడు. ఆ నీలం బంకమట్టి అతన్ని, అతని తోలు బూట్లని, అన్నిటినీ పట్టి ఉంచింది.

ఒక సాయంత్రం కెప్టెన్ ఒక గుడ్డలో చుట్టిన వస్తువు పట్టుకుని మా వంటింట్లోకి వచ్చాడు. "ఎడమ బూటులో దొరికింది. ఇదెందుకక్కడ పెట్టుకున్నాడో మాకెవరికీ అర్థం కాలేదు" అన్నాడు.

అత్తగారు వంగి చూసింది. "చెక్క చెంచా. ఇందులో అర్థం కాకపోవడానికేముంది? ఆకలేస్తే తినడానికి."

కాడ మీద కాల్చిన గీతలతో ఏవో అక్షరాలున్నాయి. మా అక్షరాలు కావు, ఇంగ్లీషువీ కావు. కెప్టెన్ దగ్గరున్న జాబితాలో మాత్రం పేరుంది. ఓనుఫ్రి స్టెఫూరాక్. కెనడా వైమానిక దళం. ఇరవై మూడేళ్ళు.

కెనడా నుంచి ఉత్తరం రావడానికి డిసెంబరు అయింది. చెల్లెలొక్కతే మిగిలిందట, పేరు పరాస్కా. ఏప్రిల్‌లో, మంచు కరిగి వాళ్ళ ఊళ్ళో విత్తనాలు మొదలుపెట్టేలోగా వస్తాననీ, అన్నయ్యని అప్పుడే పూడ్చాలనీ రాసింది. హోటలు వద్దు, మా ఇంట్లోనే ఉండాలని అత్తగారు పట్టుబట్టింది. అంతటితో ఆగలేదు. చలికాలమంతా ఆ పేరు నోటికి తెచ్చుకుంది. రొట్టె పిసుకుతూ, "ఓ-నుఫ్-రి, ఓ-నుఫ్-రి. ఏం పేరే తల్లీ, నోట్లో వేడి దుంప పెట్టుకున్నట్టుంది" అనేది. పదింటికి నాలుగుసార్లు బాగానే వచ్చేది.

హార్మెన్ మాత్రం ఆ చలికాలం సరిగ్గా తినలేదు. తవ్విన గొయ్యి పూడ్చేశారు, పొలం మూయలేదు, నష్టమూ లేదు. అయినా మనిషి ముడుచుకుపోయాడు. "ఆవిడ అడిగితే ఏం చెప్పమంటావ్?" అని నన్ను రెండుసార్లు అడిగాడు.

పరాస్కాకి నలభై తొమ్మిదేళ్ళు. పొట్టిగా, బలంగా, ఎండకి కమిలిన బుగ్గలతో ఉంది. తలకి పూల రుమాలు కట్టుకుని స్టేషన్లో దిగింది. ఆవిడది పల్లెటూరి ఇంగ్లీషు, నాది రేడియోలో నేర్చుకున్న ఇంగ్లీషు. రెండూ కలిసి ఎలాగో నడిచాయి. ఆవిడ మాటలు అత్తగారికీ హార్మెన్‌కీ నేనే చెప్పేదాన్ని.

గుమ్మంలోనే అత్తగారు ఎదురెళ్ళి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, చలికాలమంతా దాచుకున్న మాట అనేసింది. "ఓనుఫ్రి!"

ఈసారి ఒక్క తప్పు లేకుండా వచ్చింది. పరాస్కా ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, నాతో అంది. "మా ఊళ్ళో కూడా ఇంత బాగా అన్నవాళ్ళు లేరు. బళ్ళో టీచరు ఆ పేరు పలకలేక వాడికి హంఫ్రీ అని పెట్టింది."

"ఆయన ఊరుకున్నాడా?" అన్నాను.

"చిన్నప్పుడు ఊరుకున్నాడు. కార్పాతియన్ కొండల్లోంచి వచ్చి కెనడాలో అప్పుడే దిగాం, వాడికి ఎనిమిది, నాకు ఐదు. ఇంగ్లీషు ముక్క రాదు. వెల్లుల్లి కంపని మా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. కానీ సైన్యంలో చేరేటప్పుడు అక్కడి గుమాస్తా, 'ఇంత పొడుగు పేరెందుకు, తేలికైంది ఒకటి రాయనా' అన్నాడట. 'నేను చస్తే మా అమ్మకి వచ్చే కాగితంలో ఆవిడ పెట్టిన పేరే ఉండాలి' అన్నాడట వీడు. ఇంటికొచ్చి ఇదంతా చెప్పి నవ్వాడు. మా అమ్మ నవ్వలేదు, గరిటె పెట్టి కొట్టింది."

చెంచా చేతిలో పెట్టగానే ఆవిడకి తెలిసిపోయింది. వాళ్ళ నాన్న ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చెక్కాడట. వాళ్ళ కొండల్లో మగవాళ్ళు పనికి వెళితే చెంచా బూటులో దోపుకుని వెళ్ళడం అలవాటట. ఆవిడ దాన్ని కాసేపు ఒళ్ళో పెట్టుకుని, తరువాత అత్తగారికి ఇచ్చింది. "మీ దగ్గర ఉండనివ్వండి. నాది నాకుంది" అంది.

ఆ రోజంతా హార్మెన్ ఇంట్లోకి రాలేదు. కొట్టంలో బాగున్న యంత్రాన్నే విప్పి మళ్ళీ బిగించాడు. రెండో రోజు పొద్దున పరాస్కా పొలం చూపించమంది. తప్పలేదు. ముగ్గురం వెళ్ళాం. గొయ్యి పూడ్చిన చోట మట్టి ఇంకా రంగు వేరుగా ఉంది. ఆవిడ అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని శిలువ గుర్తు వేసుకుంది. లేచాక హార్మెన్ టోపీ తీసి నా వైపు తిరిగాడు.

"ఫ్రౌకే, నేను చెప్పేది ఉన్నదున్నట్టు చెప్పు. ఏమీ కలపకు, ఏమీ తీసెయ్యకు."

"చెబుతా."

"ఇక్కడ విమానం ఉందని నాకు మూడేళ్ళ ముందే తెలుసు. పొలం పోతుందని భయపడి చెప్పలేదు. మీ అన్నయ్య మీదే దున్నాను. మూడు పంటలు తీశాను."

నేను చెప్పాను. చెబుతున్నంతసేపూ పరాస్కా నా వైపు కాక హార్మెన్ వైపే చూసింది. గాలికి రుమాలు ఊడిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఈయనకి నేనొకటి చెప్పాలి" అంది చివరికి. "ఇది కూడా ఏమీ తీసెయ్యకుండా చెప్పు. యుద్ధం అయిపోయాక, బతికి బయటపడ్డ ఆ ఒక్క కుర్రాడు మాకు ఉత్తరం రాశాడు. మంచివాడు. విమానం అంటుకున్నాక ఓనుఫ్రి ఏమన్నాడో అందులో రాశాడు. 'నా తలుపు ఇరుక్కుపోయింది, నా కోసం ఆగొద్దు, మీరు దూకండి' అన్నాడట. పైలట్ ఆగుతానంటే తిట్టాడట, మా భాషలో. మా అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు. నేనే చదివి వినిపించాలి. ఆ ఒక్క వాక్యం దగ్గరికి రాగానే... దాటేశాను. అందరూ దూకారమ్మా అని చెప్పాను."

ఆవిడ రుమాలు ముడి బిగించుకుంది.

"ఇక మా అమ్మ, దూకాడు కదా, ఎవరో పడవవాళ్ళు తీసుకెళ్ళి ఉంటారు, తల మీద దెబ్బ తగిలి పేరు మర్చిపోయి ఉంటాడు అని, పదమూడేళ్ళు వాకిలి వైపు చూసి చూసి పోయింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. పదమూడేళ్ళు! ఈయనది మూడేళ్ళే. నేను ఈయనని ఏమంటాను? ఈయన నోరు విప్పబట్టే కదా నాకు అన్నయ్య దొరికాడు. నేనసలు విప్పనే లేదు."

నేను హార్మెన్‌కి చెప్పాను. విని, టోపీ చేతుల్లో నలుపుతూ, తల వంచుకుని నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు ముట్టుకోలేదు, ఓదార్చుకోలేదు. ఆవిడ వంగి గుప్పెడు మట్టి తీసింది. నలిపింది, వాసన చూసింది.

"మాకు ముప్పైల్లో వానల్లేక పొలమంతా దుమ్మై గాల్లో లేచిపోయింది. ఇంట్లో దీపం పగలే పెట్టుకునేవాళ్ళం. గోధుమ మొలక చూసి నాలుగేళ్ళయిందని మా నాన్న ఏడుస్తుంటే, వాడు పని వెతుక్కుంటూ ఇల్లు వదిలాడు. అలాంటివాడి మీద మీరేం పండించారు?"

"మొదట గోధుమ" అన్నాడు హార్మెన్. "తరువాత దుంపలు. పోయినేడు మళ్ళీ గోధుమ."

"బాగా పండిందా?"

"చాలా బాగా."

"ఏమైనా మిగిలిందా?"

"కోళ్ళ కోసం ఉంచిన బస్తా ఒకటి ఉంది."

"తీసుకురండి. రేపు నాకు కావాలి."

ఆ సాయంత్రం మా వంటిల్లు ఆవిడ చేతిలోకి పోయింది. వాళ్ళ ఆచారంలో చనిపోయినవాళ్ళ కోసం గోధుమలు ఉడికించి తేనె కలిపి పంచుతారట. హార్మెన్ బస్తాలోంచి గోధుమలు తెచ్చి, తనే రాళ్ళు ఏరాడు. అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ ఏరింది. "నీకు చేపముళ్ళు తీయడమే సరిగ్గా రాదు, గోధుమల్లో రాళ్ళేం తీస్తావ్" అని కొడుకుని దెప్పింది. అతను నవ్వాడు. ఎన్ని నెలలయిందో ఆ నవ్వు విని. నేను కుండ వైపు తిరిగి నిలబడ్డాను, నా మొహం ఎవరూ చూడకూడదని.

గోధుమలు ఉడుకుతుండగా అత్తగారు నన్ను పిలిచి, వలలో వచ్చిన కుర్రాడి సంగతి పరాస్కాకి చెప్పమంది. చెప్పాను. మొహం కడగడం, జుట్టు దువ్వడం, అంతా. పరాస్కా ఆవిడ ముడతల చేతిని తీసుకుని ముద్దు పెట్టుకుంది.

"నువ్వెందుకు తల్లీ ముద్దు పెట్టడం, నేనే పెట్టాలి" అంది అత్తగారు. "జర్మన్ల కింద బతికిన ఆ రోజుల్లో రాత్రిళ్ళు పైన విమానాల మోత వినిపిస్తే మా ఇంట్లో అందరం మంచాల మీద లేచి కూర్చునేవాళ్ళం. వెళుతున్నారు, ఇంకా వెళుతున్నారు, మమ్మల్ని ఎవరూ మర్చిపోలేదు అనుకునేవాళ్ళం. ఆ మోతలో మీవాడూ ఉన్నాడు. అప్పుడు చెప్పడానికి మనిషి కనబడలేదు. ఇప్పుడు నువ్వు కనబడ్డావు. చాలా మేలు చేశాడని చెబుతున్నా."

మర్నాడు పది గంటలకి అతన్ని మా ఊరి శ్మశానంలో పూడ్చాం. మా ఊరు కొత్తది, ఊళ్ళో అందరూ వయసులో ఉన్నవాళ్ళే. ఆ శ్మశానంలో అప్పటికి రెండే సమాధులు, ఒక పసిబిడ్డది, ట్రాక్టర్ తిరగబడి పోయిన ఒకతనిది. పెద్దవాళ్ళ సమాధులన్నీ మేం వదిలి వచ్చిన ఊళ్ళలోనే ఉండిపోయాయి. ఇరవై మందైనా వస్తారో రారో అనుకున్నాను. దుకాణాలు మూసి, బడి మూసి, ఊరు ఊరంతా వచ్చింది. ఆ విమానంలోంచి బతికి బయటపడ్డ మనిషి కూడా ఇంగ్లండు నుంచి పువ్వులు పంపాడు. కొయ్య శిలువ మీద పేరు రెండు రకాల అక్షరాల్లోనూ రాయించాడు కెప్టెన్. అందరూ వెళ్ళేముందు గిన్నెలోంచి ఒక్కొక్క చెంచా గోధుమలు తిన్నారు. అలాంటిది ఎవరూ ఎప్పుడూ తిని ఎరగరు. అయినా ఎవరూ వద్దనలేదు. పాదిరీగారు రెండుసార్లు పెట్టించుకున్నాడు.

పరాస్కా ఇంకా రెండు రోజులుంది. వెళ్ళేరోజు పొద్దున హార్మెన్ గోధుమ విత్తడానికి ట్రాక్టర్‌కి విత్తే యంత్రం కడుతుంటే నన్ను తీసుకుని కొట్టంలోకి వెళ్ళింది.

"ఆ పూడ్చిన చోట విత్తుతారా, వదిలేస్తారా?"

"మీరెలా అంటే అలా" అన్నాడు హార్మెన్.

"మంచి నేలని ఎవరైనా బీడు పెడతారా! జరగండి." ఆవిడ స్కర్టు ఎగదోపుకుని ట్రాక్టరెక్కింది. "మా ఆయన నడుం పట్టేసినప్పట్నుంచి మా ఇంట్లో విత్తేది నేనే."

హార్మెన్ తన ట్రాక్టర్‌ని నా చేతికి కూడా ఇచ్చేవాడు కాదు. ట్రాక్టర్ వెనకున్న ఆ విత్తే యంత్రాన్ని పట్టుకుని పరుగెత్తాడు. "రెండో గేరు! ఫ్రౌకే, రెండో గేరని చెప్పు!" అని అరుస్తున్నాడు. ఆ గాలికి ఆవిడకేమీ వినపడటం లేదు, మూడో గేర్లోనే పోతోంది. కాలవ గట్టు మీద కుర్చీ వేయించుకుని అత్తగారు ఇదంతా చూస్తూ, నవ్వలేక కడుపు పట్టుకుంది.

ఆ చివరికి వచ్చేసరికి పరాస్కా నెమ్మది చేసింది. వరస తిన్నగా, ఎక్కడా వంకర పోకుండా, ఆ చోటు మీదుగా విత్తుకుంటూ వెళ్ళింది. హార్మెన్ పరుగు ఆపి, రొప్పుతూ, నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"నాకంటే బాగా విత్తుతోంది" అన్నాడు నాతో.